శిలల పుట్టుక నన్వేషించిన ఫెర్మర్

విజయనగరమునుండి శ్రీకాకుళమువైపు పోవు రైలుమార్గమున గరివిడి, చీపురుపల్లి అను స్టేషనులు కలవు. ఆ ప్రాంతముననే కోడూరు అను చిన్న గ్రామమున్నది. ఈ ఊరి పేరు ఇరుగుపొరుగు తాలూకాలవారికి తప్ప ఇతరులకు అంతగా తెలియదు. కాని దేశదేశముల శిలాశాస్త్ర గ్రంథములలో ఆ పేరునకు స్థానము లభించినది. కోడూరైటు అను శిలకు ఆ పేరు ఈ గ్రామము మూలముననే వచ్చినది. అట్లు పేరు పెట్టినవాడు సర్ లూయిస్ లీ ఫెర్మర్. ఒక రాతిలో ఏయే పదార్థములు ఏయే పాళ్ళలో ఉన్నవో తెలిసికొన్నచో, ఆ రాయి ఎట్లు పుట్టినదో, ఎచ్చటనుండి వచ్చినదో చెప్పగలమా? ఈ ప్రశ్న నెదుట నిడుకొని ఆయన తన జీవితములో పెక్కేండ్లు గడపెను.

ఫెర్మర్ 1880వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన లండను నగరమున జన్మించెను. ఆయనది సామాన్య కుటుంబము. చదువునకు కావలసిన ధనమును తన ప్రతిభచేతనే విద్యార్థి వేతనముల రూపమున సంపాదించుకొనవలసి వచ్చెను. గనులకు, లోహములకు సంబంధించిన విద్యలకు పేరుగాంచిన లండనులోని కళాశాలలో చేరి, అచ్చట మిక్కిలి ఖ్యాతితో ఉత్తీర్ణుడయ్యెను. ఆ కళాశాలలో భూగర్భశాస్త్రము బోధించుచుండిన ఆచార్య జడ్డు ఆ యువకుని శ్రద్ధను గమనించి, భారతదేశమునకు పొమ్మని ప్రోత్సహించెను. 1902లో, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, ఫెర్మర్ కలకత్తాలోని భారత భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగియై చేరెను.

మరుసటి ఏడే ఆ శాఖకు థామస్ హాలండు అను శాస్త్రజ్ఞుడు అధిపతి అయ్యెను. ఈయన యొనర్చిన ఒక పరిశోధనము ఫెర్మర్ మార్గమును తెలిసికొనుటకు మనకు తోడ్పడును. కలకత్తాలోని ఒక క్రైస్తవ దేవాలయ ప్రాంగణమున జాబ్ చార్నాక్ అను ఆంగ్ల వర్తక ప్రముఖుని సమాధి కలదు. ఆయన 17వ శతాబ్ది చివర మరణించెను. సమాధిపై నల్లని పెద్ద రాయి యొకటి పఱచి, దానిపై అక్షరములు చెక్కిరి. కలకత్తా చుట్టును మైళ్ళకొలది ఒండ్రునేలయే కాని కొండ యనునది లేదు. ఆ రాయి ఎచ్చటనుండి వచ్చినది? హాలండు ఆ రాతి తునకను పలుచని పొరగా అరగదీసి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. అందు కనబడిన ఖనిజములు, వాటి కూర్పు మద్రాసు నగరమునకు సమీపముననున్న పల్లవరము కొండరాతితో సరిగా సరిపోయెను. కాబట్టి ఆ రాయి మద్రాసు తీరమునుండి ఓడపై కలకత్తాకు చేరినదని 1893లో ఆయన నిరూపించెను. చార్నాక్ పేర ఆ శిలకు చార్నొకైటు అని పేరిడెను. రెండువందల ఏండ్లు మౌనముగా నుండిన రాయి తన పుట్టినూరు తానే చెప్పినట్లయ్యెను. ఈ చార్నొకైటు శిలలే మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల తూర్పు కనుమలలోను విరివిగా కలవు.

రాతినిబట్టి దాని పుట్టినచోటు నెరుగు విద్య యొక్క ప్రయోజనము ఇంతటితో ముగియలేదు. అమరావతి స్తూపమునందలి తెల్లని శిల్పఫలకములను చిరకాలము చలువరాతి ఫలకములని జనులు పిలిచిరి. శాస్త్రదృష్టితో చూచినవారికి అది చలువరాయి కాదనియు, పల్నాటి సీమలో దొరకు సున్నపురాయి యనియు తేలినది. సున్నపురాయి భూగర్భమున తీవ్రమైన వేడికిని, ఒత్తిడికిని లోనై స్ఫటికరూపము తాల్చినప్పుడే చలువరాయి యగును. రెంటిలోను సున్నము, బొగ్గుపులుసు వాయువు సమానముగనే యుండును. పలుచని హైడ్రోక్లోరికామ్లపు చుక్క వేసినచో రెండును బుసబుస పొంగును. అయినను వాటి జన్మకథలు వేఱు. పైకి ఒకటిగా కనబడు రాళ్ళ మధ్య ఇట్టి భేదములను కనుగొనుటయే యువకుడైన ఫెర్మర్‌నకు అప్పగింపబడిన పని. అయితే ఆయన పరీక్షింపవలసినది తెల్లని చలువరాయి కాదు. నల్లని మాంగనీసు రాయి.

భారతదేశమున మాంగనీసు గనుల పని మొట్టమొదట ఆరంభమైనది మన విజయనగర ప్రాంతముననే. 1892 నాటికే కోడూరు పరిసరములలో ఈ ముడిరాతిని త్రవ్వి ఎగుమతి చేయుట మొదలిడిరి. ఉక్కు తయారగునప్పుడు అందలి గంధకమును, ప్రాణవాయువును తొలగించి దానికి గట్టితనము నిచ్చుటకు మాంగనీసు అవసరము. పాశ్చాత్య దేశములలో రైలు పట్టాలు, యంత్రములు, ఓడలు పెరుగుకొలది ఈ ముడిరాతికి గిరాకి పెరిగెను. పొలము పనులు లేని దినములలో పల్లెజనులు గనులకు పోయి, పురుషులు పలుగులతో త్రవ్వగా స్త్రీలు గంపలతో మోసి, కూలి సంపాదించుకొనుచుండిరి. ముడిరాయి విశాఖపట్టణము తీరము చేరి, ఓడలెక్కి, సముద్రములు దాటి పోవుచుండెను. చీపురుపల్లి సీమ ఆనాడు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చెందియుండెను. అది 1950లో శ్రీకాకుళము జిల్లాలోను, 1979లో విజయనగరము జిల్లాలోను చేరినది.

రాయి అమ్ముడుపోవుచుండెనే కాని, అది భూమిలో ఎట్లు ఏర్పడినదో ఎవరికిని స్పష్టముగా తెలియదు. ఇది కేవలము పండితుల వినోదమునకైన ప్రశ్న కాదు. ముడిరాయి పొరలు పొరలుగా పఱచుకొన్నదైనచో, పొర పోయినవైపు త్రవ్వుకొనుచు పోవచ్చును. అట్లుగాక అది వేఱొక శిల చివికిపోగా అక్కడక్కడ కూడుకొన్న ముద్దయైనచో, ఎంత లోతున ముగిసిపోవునో చెప్పుటకు వీలులేదు. గని నిలుచుటయు, పడిపోవుటయు, గంప మోయు తల్లి ఇంట పొయ్యి మండుటయు దీనిపై నాధారపడి యుండెను. ఇంకొక చిక్కు కూడ కలదు. ఈ ప్రాంతపు ముడిరాతిలో భాస్వరము పాలు ఎక్కువ. భాస్వరము ఉక్కును పెళుసుగా చేయును. కావున కొనువారు దీనికి ధర తగ్గించెదరు. ఆ భాస్వరము ఎచ్చటనుండి వచ్చినది?

దేశమునందలి మాంగనీసు నిక్షేపముల నన్నిటిని పరిశీలించి వ్రాయు బాధ్యత ఫెర్మర్‌పై పడెను. భూగర్భ శాఖవారు శీతకాలమున గుడారములు, ఎడ్లబండ్లు, పనివారితో పల్లెలవెంట తిరిగి, ఎండకాలమునకు కలకత్తా చేరి, తెచ్చిన రాళ్ళను పరీక్షించుచుండిరి. ఫెర్మర్ అట్లే మధ్యపరగణాలలోని నాగపురము, ఛింద్వాడా మొదలగు ప్రాంతములను, విజయనగరము సీమను తిరిగెను. కోడూరు, గర్భాం, గరివిడి మొదలగు చోటుల గనులలో దిగి, ఏ రాయి ఏ రాతి ప్రక్కన ఎట్లు ఉన్నదో వ్రాసికొనెను. చేతిసుత్తితో రాతిని పగులగొట్టి, అప్పుడే బయటపడిన ముఖమును భూతద్దముతో చూచి, గుర్తు వేసి సంచిలో నుంచుట ఆ శాస్త్రమున తొలి పాఠము.

రెండవ పాఠము ప్రయోగశాలలో జరుగును. ఆ కాలమున రాతిని రసాయన విశ్లేషణము చేయుట మిక్కిలి ఓర్పుతో కూడిన పని. రాతిని పిండిగా నూరి, సున్నితమైన త్రాసుతో తూచి, సోడాక్షారముతో కలిపి ప్లాటినము మూసలో కరగింతురు. చల్లారిన ముద్దను ఆమ్లములో కరగించి, ఇంకించినచో ఇసుకకు మూలమైన సిలికా వేరుపడును. దానిని వడబోసి, కాల్చి, తూతురు. మిగిలిన ద్రవమున అమ్మోనియా పోసినచో ఇనుము, అల్యూమినియము విడిపోవును. తరువాత వేఱు వేఱు ద్రవ్యములు కలిపి మాంగనీసును, సున్నమును, మెగ్నీషియమును క్రమముగా రాబట్టుదురు. భాస్వరమునకు, క్షారములకు ప్రత్యేక పద్ధతులు కలవు. తుదకు అన్ని పాళ్ళను కూడినచో మొత్తము నూటికి దగ్గరగా రావలెను. రానిచో ఎచ్చటనో లోపము జరిగినట్లే. మరల మొదటినుండి ఆరంభింపవలెను. ఒక్క రాతికే పెక్కు దినములు పట్టుచుండెను.

ఇట్లు కొండయందలి పరిశీలనమును, ప్రయోగశాలయందలి అంకెలను ప్రక్కప్రక్క నుంచుకొని ఫెర్మర్ రెండు రకముల శిలలను వేఱుపరచెను. మధ్యపరగణాలలో మాంగనీసు గార్నెట్ అను ఖనిజమును, స్ఫటికశిలయు కలిసిన ఒక శిల కలదు. మనవారు గోమేధికమని పిలుచు రత్నము కూడ గార్నెట్ జాతిలోనిదే. ఆ శిల పొరలు పొరలుగా ఇతర శిలల నడుమ ఉన్నది. దాని రసాయన పాళ్ళు ఇసుక, బంకమన్ను, మాంగనీసు మడ్డి కలిసినచో ఎట్లుండునో అట్లే ఉన్నవి. కాబట్టి అది పూర్వము నీటి అడుగున పేరుకొన్న మడ్డియే యనియు, తరువాత భూగర్భమునందలి వేడిమిచే రూపము మారినదనియు ఆయన నిర్ణయించెను. ఆ సీమలో నివసించు గోండుల పేర దానికి గోండైటు అని పేరిడెను. ఈ నిర్ణయము నేటికిని నిలిచియున్నది.

కోడూరు రాయి దీనికంటె భిన్నముగా కనబడెను. అందు పొటాషియము గల ఫెల్‌స్పార్, భాస్వరము గల ఎపటైటు, ఒక విలక్షణమైన గార్నెట్ కలిసి యుండెను. ఆ గార్నెట్‌లో మాంగనీసు, సున్నము, ఇనుము, అల్యూమినియము అన్నియు కలవు. స్పెసర్టైటు, ఆండ్రడైటు అను రెండు గార్నెట్‌ల గుణములు అందు కలిసియుండుటచే, ఆ రెండు పేర్లను కలిపి ఆయన స్పాండైటు అను పేరు కల్పించెను. ఫెల్‌స్పార్, ఎపటైటు సాధారణముగా భూగర్భపు శిలాద్రవము గడ్డకట్టిన అగ్నిశిలలలో కానవచ్చును. కావున కోడూరైటు అగ్నిశిల యనియు, అది ద్రవరూపమున పైకి వచ్చి అచ్చటి పురాతన శిలలలో చొచ్చుకొన్నదనియు ఫెర్మర్ తలచెను. తరువాత యుగములకొలది వాననీరు దానిలోనికి ఇంకి, ఫెల్‌స్పార్‌ను తెల్లని సుద్దగాను, ఇనుమును పచ్చని, ఎఱ్ఱని జేగురుమట్టిగాను, మాంగనీసును నల్లని ముడిరాయిగాను మార్చినదని వివరించెను. గనిలో తెలుపు, పసుపు, ఎఱుపు, నలుపు ప్రక్కప్రక్కనే ఎందుకున్నవో ఈ వివరణము చక్కగా చెప్పినది. ముడిరాతిని వెంటాడు భాస్వరమునకు ఎపటైటు కారణమనియు దీనివలన తెలియవచ్చెను.

ఈ పరిశోధనల ఫలితము 1909లో భారతదేశపు మాంగనీసు నిక్షేపములను గూర్చిన మహాగ్రంథముగా వెలువడెను. అది వేయికి మించిన పుటలు గలది. అప్పటికి ఫెర్మర్‌కు ఇరువదితొమ్మిదేండ్లు. గ్రంథము నిండ గనుల వర్ణనలు, పటములు, విశ్లేషణముల పట్టికలు కలవు. తన నిర్ణయమునకు అనుకూలమైన అంకెలనే గాక, పరీక్షించిన రాళ్ళ వివరములన్నిటిని ఆయన అందు పొందుపరచెను. కొత్త ఖనిజములకు పేర్లు పెట్టుటలోను ఆయన స్వభావము తెలియుచున్నది. తన గురువు జడ్డు పేర ఒకదానికి జడ్డైటు అనియు, తన అధిపతి హాలండు పేర వేఱొకదానికి హాలండైటు అనియు, సహోద్యోగి వ్రెడెన్‌బర్గు పేర ఇంకొకదానికి వ్రెడెన్‌బర్గైటు అనియు పేర్లిడెను. ఈ చివరి దానిని మన గరివిడి గనినుండియు, నాగపురము ప్రాంతమునందలి బేల్డోంగ్రి గనినుండియు ఆయన వర్ణించెను. 1910లో లండను శాస్త్రజ్ఞు లిద్దరు ఛింద్వాడా ప్రాంతమున దొరకిన ఒక ఖనిజమునకు ఫెర్మరైటు అని పేరిడి ఆయనను గౌరవించిరి.

శాస్త్రమునకు చేసిన ఈ సేవకు ఫెర్మర్ స్వంత జీవితమున మూల్యము చెల్లించెను. భార్యాబిడ్డలు ఎక్కువకాలము ఇంగ్లండుననే యుండిరి. ఆయన కొన్నేండ్ల కొకమారు సెలవుపై పోయి వారిని చూచుచుండెను. దాంపత్యము నిలువలేదు. 1915లో జన్మించిన కుమారుడు పాట్రిక్ తండ్రిని సరిగా ఎరుగకయే పెరిగెను. ఈ పాట్రిక్ పదునెనిమిదేండ్ల ప్రాయమున ఐరోపాఖండమున హాలెండునుండి కాన్‌స్టాంటినోపులు వఱకు కాలినడకన పయనమై, తరువాతి కాలమున గొప్ప యాత్రారచయితగా ప్రసిద్ధికెక్కెను. తండ్రి కొండలవెంట తిరిగెను. కొడుకు దేశములవెంట నడచెను. కాని ఇద్దరును కలిసి నడచిన దారి చాల స్వల్పము.

మహాగ్రంథము ప్రకటించినంతమాత్రమున ప్రశ్న తీరలేదు. 1914లో అమెరికా శాస్త్రజ్ఞుడు విట్మన్ క్రాస్ కోడూరు శిలలను గూర్చి ఒక విమర్శ వ్రాసెను. వాటిని సాధారణ అగ్నిశిలల వర్గమున చేర్చుట యుక్తమా అను సందేహము నాయన లేవదీసెను. ఇచ్చట ఒక విశేషము గమనింపదగియున్నది. క్రాస్ అమెరికాలో నుండియే ఈ విమర్శకు పూనుకొనగలిగెను. ఆయనకు సాధనములైనవి ఫెర్మర్ ప్రకటించిన వర్ణనలు, విశ్లేషణములే. నిజాయితీతో ప్రకటింపబడిన అంకెలు తమ్ము ప్రకటించినవాని అభిప్రాయమునకు గూడ దాసులు కావు.

గరివిడి ఖనిజము విషయమునను ఇట్లే జరిగెను. వ్రెడెన్‌బర్గైటు రసాయన విశ్లేషణమున ఒకే పదార్థముగా కనబడెను. 1930వ దశకము నాటికి లోహఖనిజములను అద్దమువలె మెఱుగుపెట్టి, పరావర్తన కాంతిలో సూక్ష్మదర్శినితో చూచు పద్ధతి వ్యాపించెను. అట్లు చూడగా అది జాకబ్‌సైటు, హౌస్‌మనైటు అను రెండు ఖనిజములు చాప అల్లినట్లు ఒకదానిలో నొకటి పెనవేసికొని ఏర్పడినదని తేలెను. నీటిలో పాలు కలిపి తూచినవానికి మొత్తము బరువు తెలియునే కాని, ఏది పాలో ఏది నీరో త్రాసు చెప్పదు. రసాయన విశ్లేషణమునకు గల ఈ హద్దును గరివిడి రాయి శాస్త్రలోకమునకు చూపెను.

ఫెర్మర్ మాత్రము ఒక్క విషయమును పట్టుకొని కూర్చుండలేదు. గార్నెట్ బరువైన ఖనిజము కాబట్టి గొప్ప ఒత్తిడియందే అది విరివిగా ఏర్పడునని గ్రహించి, భూమి పైపొర క్రింద గార్నెట్‌తో కూడిన బరువైన శిలల పొర కలదని 1913లో ఊహించెను. దక్కను పీఠభూమిపై పఱచుకొన్న నల్లని లావా పొరలను, భుసావలులో బొగ్గుకొఱకు దింపిన లోతైన బోరునుండి వచ్చిన రాతికడ్డీలను పరీక్షించి, పొరవెంట పొరను వేఱుపరచెను. 1930వ దశకారంభమున భూగర్భ పరిశోధన శాఖకు అధిపతి అయ్యెను. 1934లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. 1935లో కలకత్తాలో భారత జాతీయ విజ్ఞాన సంస్థ స్థాపింపబడినప్పుడు దానికి తొలి అధ్యక్షుడయ్యెను. ఆ సంస్థయే 1970 నుండి భారత జాతీయ విజ్ఞాన అకాడమి అను పేర వ్యవహరింపబడుచున్నది. ఆ 1935వ సంవత్సరముననే ఆయన సర్ బిరుదము నందుకొని ఉద్యోగ విరమణ చేసెను. అటుపిమ్మట మలయా దేశపు గనులను పరిశీలించి 1939లో ఒక నివేదిక ప్రకటించెను. 1954వ సంవత్సరము మే 24వ తేదీన ఇంగ్లండున దివంగతుడయ్యెను.

ఆయన మరణించిన కొలదికాలమునకే కోడూరు ప్రశ్న మన ఆంధ్రులచేతికి వచ్చెను. వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్య మహాదేవన్, వారి సహచరులు 1950వ దశకమున విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల మాంగనీసు నిక్షేపములను తిరిగి పరిశీలించిరి. వారు ఒక్క కోడూరైటునే గాక, దాని ఇరుగుపొరుగు రాళ్ళను గూడ ప్రశ్నించిరి. ఆ పొరుగున మూడు రకముల శిలలు ముఖ్యమైనవి. మొదటిది ఖోండలైటు. 1902లో వాకర్ అను శాస్త్రజ్ఞుడు కొండలలో నివసించు కోందుల పేర దానికి ఆ పేరు పెట్టెను. అది పూర్వము బంకమన్ను. రెండవది స్ఫటికశిల; అది పూర్వము ఇసుక. మూడవది సున్నముతో కూడిన శిలలు, చలువరాయి. అవి పూర్వము సున్నపుమడ్డి. తూర్పు కనుమలలోని బొర్రా గుహలు ఇట్టి చలువరాతిలోనే నీరు తొలుచుటచే ఏర్పడినవి. బంకమన్ను, ఇసుక, సున్నము ఈ మూడును నీటి అడుగున పేరుకొను పదార్థములే.

మాంగనీసు పొరలు ఈ మూడింటి నడుమనే, వాటితోపాటే మడతలు పడి ఉన్నవి. కావున మాంగనీసు గూడ అదే పురాతన సముద్రమున మడ్డిగా దిగినదని చెప్పుట సమంజసముగా తోచినది. తరువాత, సుమారు నూరుకోట్ల ఏండ్ల క్రిందట, తూర్పు కనుమల శిలలన్నియు భూగర్భమున తీవ్రమైన వేడిమికి గురియయ్యెను. అప్పుడు చొచ్చుకొని వచ్చిన శిలాద్రవము మాంగనీసు పొరలతో కలిసి, అందు ఫెల్‌స్పార్‌ను చేర్చినది. అనగా కోడూరైటు పూర్తిగా అగ్నిశిలయు కాదు, పూర్తిగా మడ్డిశిలయు కాదు. రెండింటి కలయికచే పుట్టిన సంకర శిల. ఫెర్మర్ చూచిన ఫెల్‌స్పార్ నిజమే. ఆయన లెక్కించిన పాళ్ళు నిజమే. వాననీటిచే శిల చివికి ముడిరాయి ఏర్పడెనని చెప్పినది గూడ చాలవఱకు నిలిచినది. మారినది ఆ శిల యొక్క మొదటి జన్మకథ మాత్రమే. తన అంకెలను దాచియుంచినచో ఆ కథ నెవ్వరును సరిదిద్దలేకపోవుదురు.

రాళ్ళ జన్మస్థానమును రసాయనముచే కనుగొను విద్య అటుతరువాత ఇంకను పెంపొందెను. 1972లో అమెరికాకు చెందిన హార్మన్ క్రెయిగ్, వాలెరీ క్రెయిగ్ అను శాస్త్రజ్ఞులు గ్రీసు దేశపు ప్రాచీన చలువరాళ్ళను పరీక్షించిరి. కర్బనము, ప్రాణవాయువు అను మూలకములలో తేలిక పరమాణువులు, బరువు పరమాణువులు కలవు. ఒక్కొక్క గనిలోని చలువరాతియందు వీటి నిష్పత్తి ఒక్కొక్క విధముగా నుండును. పారోస్, నాక్సోస్ దీవుల గనులను, ఏథెన్సు నగరమునకు సమీపమందలి పెంటెలికస్, హైమెట్టస్ కొండల గనులను వారు ఇట్లు వేఱుపరచి, దేవాలయముల రాతితునకలను వాటితో పోల్చిరి. ఒకే గనికి సంబంధించిన పాళ్ళు వేఱొక గనియందును కొంతవఱకు కనబడవచ్చును గనుక, అంకెలతోపాటు రాతి రేణువుల పరిమాణమును, చరిత్రను, గనియొక్క స్థితిని గూడ పరిశోధకులు చూచెదరు. హాలండు సమాధిరాతికి, ఫెర్మర్ కోడూరు రాతికి వేసిన ప్రశ్నయే ఇదియును. పనిముట్లు మాత్రము మారినవి.

మన సీమలో గూడ కాలము మారెను. ఒకనాడు కోడూరు, గర్భాం గనుల రాయి ముడిగనే విదేశములకు పోయెను. దానినుండి ఉక్కు చేసిన లాభము ఇతరులది, గంప మోసిన కూలి మనవారిది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1950వ దశకమున గరివిడి చెంత శ్రీరామనగరమున మాంగనీసును ఇనుముతో కలిపి మిశ్రలోహము తయారుచేయు కర్మాగారము వెలసినది. పల్లెల బిడ్డలు గనులలోనే గాక, ప్రయోగశాలలలోను పనిచేయుటకు అవకాశము కలిగినది. తమ ఊరి రాతిని తామే విశ్లేషించి, దాని కథను తామే చెప్పగల విద్య వాల్తేరులోనే లభించినది.

ఫెర్మర్ పరాయి ప్రభుత్వపు ఉద్యోగిగా మన దేశమునకు వచ్చెను. అయినను ఒక మారుమూల పల్లె పేరును, ఒక గిరిజన జాతి పేరును శాస్త్రమున శాశ్వతముగా నిలిపెను. ఆయన చెప్పిన సమాధానములలో కొన్ని నిలిచినవి, కొన్ని మారినవి. కాని ఆయన ఎదుట నిలిపిన ప్రశ్నలును, దాచక వ్రాసిపెట్టిన సాక్ష్యములును చెక్కుచెదరలేదు. శాస్త్రజ్ఞుని ఘనత ఎన్నడును పొరబడకుండుటలో లేదు. తాను పొరబడినచో పరులు దానిని కనుగొనుటకు వలసిన ఆధారములను తానే వారి చేతికి అందించుటలో నున్నది. చీపురుపల్లి దారిలో నల్లని రాతిముక్క కాలికి తగిలినప్పుడు దానిని చేతికెత్తుకొని, ఇది ఎచ్చటిది, ఎట్లు పుట్టినది అని అడుగగల విద్యార్థి ఆ మహనీయుని బాటలో మొదటి అడుగు వేసినవాడే యగును.